కట్ట మన్నింది సరే, కాపలా కాసిందెవరు? చెరువుల చరిత్రలో నీరటికాడు

2023 అక్టోబర్ 21న గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ఆ బ్యారేజీ కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగం. పథకాన్ని ప్రారంభించింది 2019 జూన్ 21న. అంటే నాలుగేళ్ల నాలుగు నెలలు. అప్పట్నుంచి ఒక పోలిక ఊరి రచ్చబండ దగ్గర్నుంచి యూనివర్సిటీ సెమినార్ దాకా వినబడుతోంది. కాకతీయుల కాలం నాటి రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఏడెనిమిది వందల ఏళ్లుగా నిలబడి ఉన్నాయి, వేల కోట్లు పోసి యంత్రాలతో కట్టింది మాత్రం నాలుగేళ్లకే కుంగింది అని.

ఈ పోలిక పాలకుల్ని నిలదీయడానికి పనికొస్తుంది. కాదనం. కానీ పోలిక చేసేవాళ్లు రాయి గురించి మాట్లాడతారు, మట్టి గురించి మాట్లాడతారు, రాజుల ముందుచూపు గురించి మాట్లాడతారు. ఏ కట్టా ఎనిమిది వందల ఏళ్లు తనంతట తాను నిలబడదు. వానాకాలం రాత్రి ఎండ్రకాయ బొక్కలోంచి నీళ్లు ఊరడం మొదలైతే, ఎవరూ చూడకపోతే, తెల్లారేసరికి అక్కడ గండి పడుతుంది. ఎనిమిది వందల వానాకాలాలు ఎవరో ఒకరు ఆ రాత్రి నిద్ర మానుకొని కట్ట మీద తిరిగారు కాబట్టే చెరువు మిగిలింది. ఆ తిరిగింది ఎవరు? ఏ షరతు మీద తిరిగారు? వాళ్లకు దక్కింది ఏమిటి?

నిర్మాణాలు ఎంతకాలం మన్నుతాయో అంచనా కట్టడాన్ని ఇవాళ సుస్థిరత మదింపు అంటున్నారు. ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో ఇచ్చిన నిర్వచనం అందరికీ కంఠతా వచ్చు. నేటి అవసరాలు తీరాలి, రేపటి తరాల అవసరాలకు గండి పడకూడదు అని దాని సారాంశం. మంచి మాటే. అయితే మన దేశంలో 'రేపటి తరం' అనేది ఒకటి కాదు. ఒక తరానికి చెరువు కింద తరి పొలం వారసత్వంగా వస్తుంది. ఇంకో తరానికి అదే చెరువు కట్ట మీద కాపలా వారసత్వంగా వస్తుంది. రెండూ తరతరాలుగా నిలిచినవే. కాబట్టి ఒక నిర్మాణం మన్నిందా లేదా అని అడిగే ముందు, దానితోపాటు ఇంకేమేం మన్నాయో అడగాలి. ఈ వ్యాసంలో మేము చేయదలచుకున్నది అదే.

శాసనంలో పన్నెండో వాడు

చెరువు నిర్మాణం గురించి మన ప్రాంతంలో దొరికిన శాసనాల్లో పోరుమామిళ్ల శాసనం చాలా విలువైనది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369లో, విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. శాసనం సంస్కృతంలో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, చెరువును చెడగొట్టే ఆరు దోషాలనూ అది వరుసగా చెబుతుంది.

ఈ ఆరు దోషాల జాబితా చూస్తే ఇవాళ్టి ఇంజనీర్లు కూడా ఆశ్చర్యపోతారు. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు ఉండటం దోషం. చెరువు నడుమ మెరక ఉండటం దోషం. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం, ఈ రెండూ దోషాలే. ఆరు వందల యాభై ఏళ్ల కింద ఇంత స్పష్టంగా రాసుకున్నారు. సరిహద్దు గొడవల్లో ఇరుక్కున్న ప్రాజెక్టుల్నీ, నీళ్లు లేకుండా లక్షల ఎకరాల ఆయకట్టు కాగితం మీద చూపించే ప్రాజెక్టుల్నీ ఈ ఆరింటితోనే తూచవచ్చు.

ఇక పన్నెండు అంగాల వరుస చూడండి. మొదటిది ధర్మపరుడూ సంపన్నుడూ కీర్తి కోరేవాడూ అయిన రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. ఆ తరువాత గట్టి నేల, తియ్యటి నీటి ఏరు, ఆనుకొని ఉన్న కొండ, రాతికట్ట, రాతిగని వగైరా. చిట్టచివర, పన్నెండో అంగంగా, కట్టడం పనిలో ఆరితేరిన మనుషుల గుంపు. రాజుకు పేరుంది. శాస్త్రానికి కులం పేరుతో సహా ఒక యజమాని ఉన్నాడు. పని చేసినవాళ్లు రాతిగని తరువాత వస్తారు, గుంపుగా వస్తారు.

అదే శాసనం ప్రకారం ఈ చెరువు పని రెండేళ్లు సాగింది. రోజూ వెయ్యి మంది కూలీలు పని చేశారు, వంద బండ్లు రాళ్లు తోలాయి. ఖర్చయిన ధనధాన్యాలకు లెక్కే లేదని గొప్పగా చెప్పుకుంది. కట్ట పొడవెంతో, వెడల్పెంతో, ఎత్తెంతో మాత్రం కొలిచి రాసింది. కట్టకు కొలత ఉంది, కూలికి లెక్క లేదు. ఇది శాసనం రాసిన కవి ఏమరుపాటు కాదు. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అనే తీర్పు అది. మేము చూసిన తరువాతి కాలపు రికార్డుల్లోనూ, నిన్నమొన్నటి ప్రాజెక్టు నివేదికల్లోనూ ఇదే తీర్పు నడుస్తోంది.

ఇంకో సంగతి. శాసనం చెప్పిన పన్నెండు అంగాలూ చెరువు కట్టడానికి సంబంధించినవి. కట్టిన తరువాత దాన్ని కాపాడేవాడు ఆ పన్నెండింటిలో లేడు. పదమూడో అంగం ఒకటి ఉండాలి. అతని పేరు నీరటికాడు.

భూమి లేకపోవడమే అర్హత

తెలంగాణలో నీరటికాడు, రికార్డుల్లో నీరడి. రాయలసీమలో, కన్నడ ప్రాంతంలో నీరుగంటి. తమిళ దేశంలో నీర్‌కట్టి. పేరు ఏదైనా ఎక్కువ ఊళ్లలో ఆ పని దళిత కుటుంబాలది, మన వైపు మాల, మాదిగ ఇళ్లది. తండ్రి తరువాత కొడుకు, అన్న లేకపోతే తమ్ముడు.

అతను చేసే పని ఏమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే పుస్తకాల్లో ఒక వాక్యంతో తేల్చేస్తారు. తూము తెరవడం, మూయడం. చెరువులో నీటి మట్టం చూసి ఎన్ని తడులకు సరిపోతుందో చెప్పడం. కాలువలో పూడిక, తుంగ తీయడం. ఏ మడికి ఎంతసేపు నీరు పెట్టాలో, మొదటి పొలం వాడు కాలువకు అడ్డం వేసి చివరి పొలం వాడికి నీరు రాకుండా చేస్తే ఆ అడ్డం తీయడం. కట్ట మీద చెట్ల వేర్లు, ఎలుక బొక్కలు, ఎండ్రకాయ బొక్కలు చూసుకోవడం. వానాకాలం మత్తడి దుంకుతుంటే రాత్రంతా కట్ట మీదే ఉండి, ప్రమాదం కనబడితే డప్పు కొట్టి ఊరిని లేపడం. నీటి అడుగున తూము ఇరుక్కుపోతే మునిగి తీయడం. కోతలయ్యాక కళ్లం దగ్గర ఒక్కో రైతు పెట్టే మేర కోసం నిలబడటం.

శాసనం చెప్పిన జలశాస్త్రం ఒకటైతే, ఈ మనిషి దగ్గరున్నది ఇంకో జలశాస్త్రం. ఏ రంగు నీరు వస్తే ఎగువ ఏ వాగు పొంగిందో, కట్టలో ఊట ఎంత ఉంటే ఫర్వాలేదో, ఎంత దాటితే గండో అతనికి తెలుసు. దాన్ని ఎవరూ శాస్త్రం అనలేదు. చదువు నిషేధించిన కులం దగ్గర ఉన్న జ్ఞానానికి మన దేశంలో ఆ పేరు పెట్టరు.

1990ల నుంచి సంప్రదాయ నీటి వ్యవస్థల గురించి దేశంలో చాలా పుస్తకాలొచ్చాయి. సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం 1997లో తెచ్చిన 'డయింగ్ విజ్‌డమ్' వాటిలో బాగా పేరున్నది. ఊరి చెరువును ఊరు ఉమ్మడిగా కాపాడుకుందనీ, ప్రభుత్వం వచ్చి ఆ ఉమ్మడి బతుకును పాడు చేసిందనీ ఈ వరస పర్యావరణ వాదం సారాంశం. ఈ వాదంలోనే నీరటికాడి గురించి ఒక మాట తరచుగా వస్తుంది. అతనికి ఆయకట్టులో పొలం ఉండదు కాబట్టి పక్షపాతం ఉండదు, అందుకే నీళ్లు పంచే పని అతని చేతికిచ్చారు, ఇది మన పెద్దల తెలివైన ఏర్పాటు అని.

ఈ మాట దగ్గర మేము ఆగిపోయాం. ఎందుకంటే మేము అలాంటి ఇంటి నుంచే వచ్చాం. మా తాత చెరువు కింద ప్రతి మడికీ నీరు పెట్టాడు, ఆ మళ్లలో ఒక్కటీ మాది కాదు. ఆయనకు తూము తాళం ఉంది, పట్టా లేదు. మా నాయిన బడి మానిందీ ఒక వానాకాలమే, తాతకు జ్వరమొచ్చి కట్ట మీద మనిషి కావలసి వచ్చినప్పుడు. భూమి లేకపోవడాన్ని ఉద్యోగానికి అర్హతగా మార్చి, దాన్ని నిష్పక్షపాతం అని మెచ్చుకునే వాళ్లకు మేము ఒకటే అడుగుతున్నాం. ఆ ఏర్పాటు కొనసాగాలంటే నీరటికాడి కొడుకు కూడా భూమి లేకుండానే ఉండాలి కదా? అతనికి రెండెకరాల తరి వచ్చిన రోజు అతని అర్హత పోతుంది. అంటే చెరువు మన్నడానికి అతని పేదరికం మన్నాలి. ఇదీ ఆ తెలివైన ఏర్పాటు లోపలి గుట్టు.

తెలుగు సాహిత్యం చెరువు కట్ట కోసం ప్రాణమిచ్చిన వాళ్లను మరచిపోలేదు. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన 'ముసలమ్మ మరణం' బుక్కరాయసముద్రం కట్ట నిలబడటానికి ఆత్మార్పణ చేసుకున్న రెడ్డింటి కోడలి కథ. ఆమె త్యాగాన్ని మేము తక్కువ చేయం. కానీ ఏటా వానల్లో కట్ట మీద ప్రాణాలొడ్డి తిరిగిన వెలివాడ మనిషికి కావ్యం సంగతి అటుంచి, శాసనంలో అర వాక్యం కూడా దక్కలేదు.

వెట్టి చట్టమైన కథ

చెరువు కట్టించినవాడికీ, బాగు చేయించినవాడికీ దశబంధం కింద మాన్యం భూమి దక్కేది. అది పెట్టుబడికి ప్రతిఫలం. కట్ట మీద తట్ట మోసినవాడికి ఏం దక్కేదో తెలుసుకోవడానికి బ్రిటిష్ పాలకుల చట్టం ఒకటి చూడాలి. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. చెరువు కట్టకో, ఏటి గట్టుకో తెగే ప్రమాదం వస్తే, చుట్టుపక్కల ఉన్న కూలి పనివాళ్ల వర్గాలకు చెందిన ఒళ్లు సత్తువ ఉన్న మగవాళ్లందరినీ పనికి పిలిపించే అధికారం ఆ చట్టం ఇచ్చింది. ఊరి ఆచారం ప్రకారం చేయవలసిన చెరువు పని చేయనివాళ్ల మీద చర్యకూ వీలు కల్పించింది. దీన్నే కుడిమరామత్తు అన్నారు, అంటే రైతుల మరమ్మతు.

పేరు రైతుల మరమ్మతు. చట్టం వెతికింది మాత్రం కూలి వర్గాలను. కట్ట తెగితే మునిగేది ఎవరి పంట? పనికి పిలిచేది ఎవరిని? ఈ రెండు ప్రశ్నల మధ్య దూరమే వెట్టి. వందేళ్ల తరువాత కుడిమరామత్తును ఊరి సహకార స్ఫూర్తి అని పొగిడేవాళ్లు ఈ చట్టాన్ని ఒకసారి చదవాలని మా మనవి.

నిజాం ఇలాకాలో దీనికి వేరే చట్టం అక్కర్లేకపోయింది. దొర మాటే చట్టం. నీరడి, మస్కూరి, సేత్‌సింధి అని గ్రామసేవకు పేర్లు పెట్టి, కొన్ని చోట్ల చిన్న ఇనాం ముక్క చూపించి, కుటుంబాన్ని తరతరాలకు కట్టేశారు. ఇనాం భూమి ఉన్నంత కాలం సేవ చేయాలి, సేవ మానితే భూమి పోతుంది. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటం వెట్టి మీద తిరుగుబాటుగానే ఊళ్లలోకి పోయింది. అయినా 1955లో తెలంగాణ ప్రాంతానికి ఇనాంల రద్దు చట్టం రాసినప్పుడు నీరడి, సేత్‌సింధి, బలూతా ఇనాంలను గ్రామసేవ ఇనాంలుగా విడిగా పేరు పెట్టి ప్రస్తావించారు. జాగీర్లు పోయాయి. కట్ట మీద కాపలా మిగిలింది.

ఇక్కడ పక్కనున్న మహారాష్ట్ర వైపు ఒకసారి చూడాలి, ఎందుకంటే ఈ సమస్యను మొట్టమొదట చట్టసభలో సూటిగా పెట్టింది బాబాసాహెబ్ అంబేడ్కర్. అక్కడ మహర్ వతన్ మన నీరడి ఇనాం లాంటిదే. ఇంత భూమి ముక్క, కళ్లం దగ్గర ఇంత ధాన్యం, బదులుగా ఊరికీ సర్కారుకూ రాత్రింబవళ్ల చాకిరీ. 1928లో బొంబాయి శాసనమండలిలో ఆయన వతన్ చట్టం సవరణకు బిల్లు పెట్టారు. భూమిని చాకిరీ నుంచి విడగొట్టాలి, ధాన్యం ముష్టి పోయి డబ్బు రావాలి, ఇదీ దాని ఆశయం. భూస్వాములూ ప్రభుత్వమూ ఒప్పుకోలేదు. ఆ వతన్లు రద్దయ్యే చట్టం 1958 దాకా రాలేదు. 'పని మానకండి, ఊరు పాడైపోతుంది' అనేవాళ్లకు అంబేడ్కర్ వైఖరిలో జవాబుంది. ఊరు నడవాలంటే ఆ పనికి జీతం ఇవ్వండి. జీతం ఇవ్వకుండా నడిచే ఊరు నడవనవసరం లేదు.

చెరువులు ఎందుకు చెడిపోయాయి?

1950ల్లో ఆంధ్రప్రదేశ్‌లో చెరువుల కింద పది లక్షల హెక్టార్లకు పైగా సాగయ్యేది. ఈ శతాబ్దం మొదటికి అది దాదాపు సగానికి పడిపోయింది. దీనికి చెప్పే కారణాలు మనకు తెలుసు. ప్రభుత్వాలు పెద్ద డ్యాముల వెంట పడ్డాయి. పూడిక తీయలేదు. శికం భూములు ఆక్రమణకు గురయ్యాయి. 1980ల నుంచి బోర్లు పెరిగాయి, కరెంటు చవకైంది, 2004 నుంచి వ్యవసాయానికి ఉచితమైంది. సొంత బోరున్న రైతుకు చెరువుతో పని తగ్గింది. ఇవన్నీ నిజాలే.

వీటి పక్కన ఇంకో నిజం పెట్టాలి. దళితుడు వెట్టి మానేశాడు. కొడుకును బడికి పంపాడు. బొంబాయికో హైదరాబాదుకో వలస పోయాడు. వానాకాలం రాత్రి కట్ట మీద తిరగనని మొదటిసారి అన్నాడు. అది అతని విముక్తి. ఆ ఖాళీని నింపడానికి ఊరు గానీ ప్రభుత్వం గానీ చేయవలసింది ఒకటే పని, ఆ కాపలాను ఉద్యోగంగా గుర్తించి తగిన జీతం ఇవ్వడం. ఆయకట్టుదారులు మేర పెంచలేదు, ప్రభుత్వం పోస్టు పెట్టలేదు. చెరువు పాడైంది. అంటే కులం బలవంతం తీసేస్తే తన కాళ్ల మీద తాను నిలబడలేని వ్యవస్థను మనం వందల ఏళ్లు సుస్థిరం అని పిలుచుకున్నాం.

దీన్ని సరిదిద్దే అవకాశాలు రాకపోలేదు. 1984లో పటేల్ పట్వారీ, కరణం మునసబు వంశపారంపర్య పదవులు పోయాయి. కింది సేవకులు మాత్రం గ్రామసేవకులని, తరువాత వీఆర్ఏలని పేర్లు మారుతూ చాలీచాలని వేతనంతో కొనసాగారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్ఏ వ్యవస్థను రద్దు చేసి, ఇరవై వేల పైచిలుకు మందిని వేర్వేరు శాఖల్లో సర్దింది. కొందరు నీటిపారుదల శాఖలో లష్కర్లయ్యారు. వందల ఏళ్ల తరువాత నీరటికాడి వారసుల్లో కొందరికి నెల జీతం, పే స్కేలు వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు. దానికోసం వాళ్లు నెలల తరబడి సమ్మె చేయాల్సి వచ్చిందన్నదీ చిన్న విషయం కాదు.

1997లో ఆంధ్రప్రదేశ్‌లో రైతుల ఆధ్వర్యంలో సాగునీటి నిర్వహణకు చట్టం చేశారు. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ప్రపంచ బ్యాంకు దాన్ని మెచ్చుకుంది. సంఘంలో సభ్యత్వం, ఓటు ఆయకట్టులో సాగు చేసేవాడికి. కాలువలో తుంగ తీసే కూలికి, చెరువులో పశువును కడిగేవాడికి, చెరువు నీళ్లతో బట్టలుతికే చాకలికి ఓటు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో దళిత శ్రామికుల్లో అత్యధికులు వ్యవసాయ కూలీలేనని 2011 జనాభా లెక్కలు కూడా చెప్పాయి. మరి నీటి ప్రజాస్వామ్యం ఎవరిది?

2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది. నలభై ఆరు వేల పైచిలుకు చెరువుల్ని బాగు చేయాలని లక్ష్యం. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, తూములు మత్తళ్లు మరమ్మతు చేశారు. భూగర్భ జలం పెరిగింది, చేపలు పెరిగాయి, మేము కాదనం. కానీ పని ఎక్కువ భాగం యంత్రాలే చేశాయి. తీసిన పూడిక మట్టిని రైతు తన ఖర్చుతో తన పొలానికి తోలుకోవాలన్నారు. ఒండ్రు మట్టి బంగారం లాంటిది. ఆ బంగారం పొలం ఉన్నవాడికే, ట్రాక్టరు కిరాయి పెట్టగలిగినవాడికే దక్కింది. పొలం లేనివాడు ఆ మట్టి ఎక్కడ పోసుకోవాలి? పైగా ఇవన్నీ ఒకసారి చేసి బిల్లు పెట్టే పనులు. ఏటేటా కట్ట మీద తిరిగే పనికి బిల్లు ఉండదు. పథకానికి కాకతీయుల పేరు పెట్టారు. నీరటికాడి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

పెద్ద డ్యాముల పద్దు

చెరువు లెక్కలో కూలి లేడు. పెద్ద డ్యాము లెక్కలో ఉన్నాడా? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 124 మీటర్ల ఎత్తున్న ఆ రాతి కట్టడం చాలావరకు మనుషుల చేతుల మీదుగా లేచింది. డ్యాములు కట్టే పనికి పాలమూరు కూలీలంటే దేశమంతా పేరు. కట్టిన పాలమూరుకే నీళ్లు రాలేదన్నది తెలంగాణ ఉద్యమం పొడుగునా విన్న మాట. ఆ కూలీల్లో దళితులెందరు, ఏ కులాలెన్ని అన్నది ఆ మాటలో భాగం కాలేదు.

శ్రీశైలం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి, సుమారు లక్ష మంది ఇళ్లు కోల్పోయారు. 1981లో ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించి ఇళ్లు కూల్చారు. పట్టా ఉన్నవాడికి ఎంతో కొంత పరిహారం. పట్టా లేని కూలికి పోయింది ఏమిటి? పని పోయింది, మేర పోయింది, పొరంబోకులో మేపుకునే మేక పోయింది, శ్మశానం పోయింది. ఇవేవీ పరిహారం ఫారంలో గడులు కావు.

2016 ఆగస్టులో ఈ సంగతే హైకోర్టు దాకా వచ్చింది. రైతుల నుంచి నేరుగా భూమి కొనడానికి తెలంగాణ ప్రభుత్వం 2015లో తెచ్చిన 123వ నంబరు జీవో మీద ఉమ్మడి మెదక్ జిల్లాకు చెందిన వ్యవసాయ కూలీలు కోర్టుకెక్కారు. భూమి అమ్మింది రైతు, డబ్బు తీసుకుంది రైతు, బతుకుదెరువు పోయింది మాది అన్నారు. సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ప్రభుత్వం తరువాత వేరే దారులు వెతుక్కుంది. కానీ భూమి లేనివాడు కూడా భూమి పోవడం వల్ల నష్టపోతాడన్న మాట ఒక కోర్టు తీర్పుగా రికార్డుకెక్కింది. మన చరిత్రలో ఇది గుర్తుపెట్టుకోవలసిన తేదీ.

మళ్లీ కాళేశ్వరానికి వద్దాం. 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదిక, పథకం ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటవచ్చనీ, పెట్టే ప్రతి రూపాయికీ వచ్చే ప్రయోజనం 52 పైసలేననీ లెక్క కట్టింది. ఇది ఘోరమే. కానీ ఆ రూపాయికి రూపాయిన్నర వచ్చి ఉంటే మనం సంతోషించాలా? ఆ 52 పైసల్లో దళితవాడకు చేరేది ఎన్ని పైసలు? లాభనష్టాల నిష్పత్తి ఈ ప్రశ్న వేయదు. ఎవరి లాభం, ఎవరి నష్టం అన్నది చెరిపేసి రెంటినీ కలిపి భాగిస్తుంది.

నీళ్ల ఒడ్డునే

ఇంతవరకు సాగునీటి గురించి మాట్లాడాం. తాగేనీటి చెరువు కూడా నిర్మాణమే. దాని మన్నికను ఎలా తూచాలి? మహద్‌లో చవదార్ చెరువు చెక్కుచెదరకుండా ఉంది. పశువులు తాగాయి, పక్షులు తాగాయి. మహద్ మునిసిపాలిటీ 1924లో దాన్ని అందరికీ తెరిచామంది. అయినా అంటరానివాళ్లు ఆ నీళ్లు ముట్టాలంటే 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది. ముట్టినందుకు దెబ్బలు తిన్నారు. చెరువును సవర్ణులు 'శుద్ధి' చేసుకున్నారు. బొంబాయి హైకోర్టు తీర్పు 1937లో గానీ రాలేదు. ఇంజనీరు లెక్కలో ఆ చెరువులో ఏ లోపమూ లేదు.

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర, వాళ్లు తాగే నీళ్లను కమ్మ యువకులు పాడు చేస్తుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డుకోవడంతో. కాలువలు, ఆనకట్టలు తెచ్చిన సిరి ఆ ప్రాంతంలో కనబడుతుంది. ఆ సిరి మీద లేచిన అహంకారం తాగే చెరువు దగ్గర కత్తి పట్టింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. డెల్టా కాలువల సుస్థిరత గురించి రాసేవాళ్లు ఆ కాలువలో ఇది కూడా పారిందని రాయాలి.

ఏ ప్రశ్నలు వేయాలి?

మేము కాకతీయుల కాలానికి వెనక్కి పోదామనడం లేదు. ఆ కాలంలో మన చోటు ఎక్కడో మనకు తెలుసు. అలాగని కాంక్రీటుకు దండం పెట్టడమూ లేదు. చెరువులు కావాలి, కాలువలు కావాలి, డ్యాములు కొన్ని చోట్ల తప్పవేమో. అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన కాలంలో, 1942 నుంచి 1946 దాకా, దామోదర్ లోయ పథకానికీ కేంద్ర జలమార్గాల కమిషన్‌కూ పునాదులు పడ్డాయి. దళిత ఉద్యమం నిర్మాణాలకు వ్యతిరేకం కాదు. అవి ఎవరి భుజాల మీద, ఏ షరతుల మీద నిలబడ్డాయో అడగడం మాత్రం మానదు.

కాబట్టి ఏ చెరువుకైనా, బ్యారేజీకైనా, రోడ్డుకైనా మదింపు రాసేటప్పుడు నాలుగు గడులు కొత్తగా గీయాలి. ఒకటి, దీన్ని రోజూ కాపాడేది ఎవరు, వాళ్లకు నెల జీతం, ప్రమాదం జరిగితే పరిహారం రాసి ఉన్నాయా? రెండు, ఆ పని పుట్టుకతో వచ్చిందా, ఎవరైనా దరఖాస్తు పెట్టుకుని చేరగలరా, కావాలంటే మానగలరా? మూడు, కాపాడేవాడికి ఆ నీటిలో, ఆ భూమిలో, ఆ సంఘంలో వాటా, ఓటు ఉన్నాయా? నాలుగు, పట్టా లేకుండా నష్టపోయేవాళ్లు ఎవరు, వాళ్లను లెక్కించింది ఎవరు? ఈ గడులు ఖాళీగా ఉన్న నివేదికను అసంపూర్తి నివేదికగా తిప్పి పంపాలి.

ఈ పని ప్రభుత్వం తనంతట చేయదు. కార్యకర్తలు ఊళ్లోకి పోయినప్పుడు తూము దగ్గర ఎవరుంటున్నారో, వాళ్లకు ఆఖరి జీతం ఎప్పుడొచ్చిందో రాసుకోవాలి. చరిత్ర విద్యార్థులు శాసనాలతోపాటు ఇనాం రిజిస్టర్లు, సేత్‌వార్లు చదవాలి. నీరడి అనే మాట ఏ ఊరి రికార్డులో ఉందో, ఆ భూమి ఇప్పుడు ఎవరి పేరు మీదుందో బయటపెట్టాలి. ఉపాధ్యాయులు కాకతీయుల చెరువుల పాఠం చెప్పేటప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడగాలి. మీ ఊరి చెరువు కట్ట మీద రాత్రి ఎవరు తిరిగేవారు? తరగతిలో ఎక్కడో వెనక బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తుతుంది. ఆ పిల్ల చెప్పే పేరుతోనే పదమూడో అంగం రాయడం మొదలుపెట్టవచ్చు.